దల్లా కింద ముఖం

అచ్చు మీద జువేరియా ముక్కు పూర్తయిన మర్నాడే, ఆ ముఖం తీసెయ్యమని నిసార్ అహ్మద్ చెప్పాడు.

ఆదివారం ఉదయం పది గంటలు. మస్కట్‌లోని మత్రా సూక్ బజారులో నిసార్ నగల షాపు వెనక మూడు మెట్లు దిగితే వర్క్‌షాపు. గంగాధరం భూతద్దం కంటికి బిగించుకుని బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఇసక నింపిన తోలు దిండు మీద ఉక్కు దిమ్మె. దిమ్మె పైభాగంలో పెద్ద రూపాయి బిళ్ళంత మేర రెండు తలలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి నిసార్ కొడుకు జావెద్‌ది. రెండోది కూతురు జువేరియాది. రెండూ లోపలికి చెక్కినవి. అచ్చులో ఎక్కడ గుంత ఉంటే నాణెం మీద అక్కడ ఎత్తు వస్తుంది.

షాపు పెట్టి నలభై ఏళ్ళు. గురువారం సాయంత్రం హాల్లో ఫంక్షన్. పిలిచిన నలభై మందికీ తలా ఒక బంగారు నాణెం ఇస్తారు. ఒక పక్క నిసార్ ముఖం, రెండో పక్క పిల్లలిద్దరూ. తన తర్వాత షాపు ఎవరిదో, బ్యాంకులోనూ ఆఫీసుల్లోనూ సంతకం ఎవరిదో నిసార్ నోటితో చెప్పక్కర్లేదు. నాణెమే చెబుతుంది.

"గంగాధర్, ఈ పక్కది తీసెయ్" అన్నాడు నిసార్.

"ఏ పక్కది సేఠూ?"

నిసార్ వేలు దిమ్మెకు తగలకుండా గాల్లో ఆగింది. జువేరియా మీద ఆగింది.

"బీబీదా?"

"హౌ. ఇద్దరుంటే మంది పరేషాన్ అయితరు. ఎవరితోని మాట్లాడాలె, ఎవరి సంతకం చెల్తది అని. ఒక్కటే ముఖం ఉండాలె."

జావెద్ మెట్ల మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అందుకున్నాడు. "రేపు ఆపాకు పెళ్ళయి పోతది చాచా. నాణెం మీద ఉన్న మనిషి షాపులో లేకుంటే ఏం బాగుంటది?"

జువేరియాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఈ మాట ఆ షాపులో పదేళ్ళుగా ఎవరూ అనలేదు. గంగాధరం భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాణెం మీదైతే గీకొచ్చు సేఠూ. ఇది అచ్చు. గుంతను గీకితే ఇంకా గుంతయితాది గానీ పూడదు. మొత్తం అరగదీసి, మల్లా మొదట్నుంచి చెక్కల్ల. తొమ్మిది దినాలు పడతాది."

"గురువారం ఫంక్షన్."

"అందుకే చెప్తాండా."

జావెద్ మెట్లు దిగి వచ్చాడు. "పూడ్చేది ఎందుకు? దాని మీదనే ఇంకోటి చెక్కండి. పెద్దది, లోతుగా. దల్లా పెట్టండి." ఫోన్లో బొమ్మ చూపించాడు. ఒమానీ ఇళ్ళలో అతిథులకు కాఫీ పోసే ఇత్తడి కూజా, ముందుకు వంగిన ముక్కుతో. "ఇక్కడి గుర్తు కదా. కస్టమర్లు కూడా ఖుష్ అయితరు."

నిసార్ ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. "అచ్ఛా హై" అన్నాడు.

"దల్లా అంత లోతు పోతే, అవతలి పక్క అచ్చుకు..."

"చాచా, మీరు చెక్కండి. ప్రెస్ సంగతి జిలాని చూసుకుంటడు."

గంగాధరం మాట అక్కడ ఆగింది. నిసార్ దిమ్మె వైపు మళ్ళీ చూడలేదు. గోడ వైపు చూస్తూ జవాబు కోసం నిలబడ్డాడు.

"సరే సేఠూ" అన్నాడు గంగాధరం.

ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళాక అతను ఉలి తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. ఆ రోజు దిమ్మె ముట్టలేదు. పొద్దు పోయేదాకా పాత ఉలులన్నీ బయటికి తీసి సానబట్టాడు. సాన రాయి మీద నీళ్ళు నల్లబడ్డాయి, పారబోసి మళ్ళీ పోశాడు.

ఆ మధ్యాహ్నం ప్రెస్ పక్కన జిలాని టిఫిన్ విప్పాడు. జిలానిది కడప. ప్రెస్ తిప్పుతాడు, బంగారం కరిగిస్తాడు, నోరు ఊరుకోదు.

"ఏం మామా, మనిషి మీద కాఫీ కుండ బోర్లించే పని దొరికిందంట నీకు."

"నవ్వొద్దు జిలానీ."

"నవ్వక ఏం జేయల్ల? సేఠుకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మూడు నెల్లు ఈ షాపు తాళం తీసిందెవరు? ఆ పిలగాడు అప్పుడు దుబాయ్‌లో అత్తరు అమ్ముకుంటాండ్య. అమ్మినాడో, పూసుకున్యాడో."

"పోయి సేఠుకు చెప్పు మరి."

"నేను ప్రెస్ తిప్పేటోణ్ణి. చెక్కేటోనివి నువ్వు. కాదంటే నువ్వే అనల్ల."

"నాకు రెండు నెలల్లో వీసా రెన్యువల్ ఉండాది."

జిలాని అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "అట్ల చెప్పు. అయితే దల్లా మంచిగనే వస్తాది."

గంగాధరం టిఫిన్ మూత పెట్టేశాడు. సగం అన్నం అందులోనే ఉంది.

బల్ల పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. రెండు నెలల కింద జువేరియా తెచ్చి అంటించింది. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి రోమన్ బంగారు నాణెం ఫొటో. ఒక పక్క రాజు, రెండో పక్క ఎదురెదురుగా ఇద్దరు కొడుకులు. చుట్టూ ఉన్న అక్షరాలకు 'సామ్రాజ్యం శాశ్వతం' అని అర్థమట. రోమన్ బంగారం మిరియాల కోసం ఓడలెక్కి మన వైపు కూడా వచ్చిందని, గుంటూరు దిక్కు పొలాల్లో ఇప్పటికీ దొరుకుతుందని ఆమె చెప్పింది. రాజును చూడనివాడు కూడా రాజు కొడుకుల్ని చూశాడు. తర్వాత ఎవరు అని అడగాల్సిన పని లేకపోయింది. నలభై ఏళ్ళ పండక్కి షాపు తరఫున గడియారాలు పంచుదామని జావెద్ అంటే, నాణేలు కొట్టిద్దామని తండ్రిని ఒప్పించింది జువేరియానే.

సోమవారం పదిన్నరకు ఆమె మెట్లు దిగి వచ్చింది. చేతిలో చిన్న పొట్లం, అందులో కొక్కెం ఊడిన గొలుసు.

"చాచా, ఇది నిజ్వా ఊరి ఆమెది. మాపటికి కావాలంట."

"పెట్టు బీబీ."

జువేరియా పుట్టింది హైదరాబాద్‌లో, పెరిగింది మస్కట్‌లో. తెలుగు మాత్రం ఈ బల్ల దగ్గరే నేర్చుకుంది. అందుకే ఆమె మాటలో గంగాధరం ఊరు ప్రొద్దుటూరు వినిపిస్తుంది.

"ఏదీ, ఒకసారి చూపీ."

గంగాధరం మైనం ముద్ద తీసుకుని అరచేతుల మధ్య నలిపాడు. దిమ్మె మీద పెట్టి బొటనవేలితో ఒత్తి, అంచు పట్టి లేపి ఇచ్చాడు. మైనం మీద అక్కాతమ్ముళ్ళ తలలు రెండూ ఒకదాన్నొకటి చూస్తూ లేచాయి. ఆమె కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి మైనాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

"నా ముక్కు ఇంత ఉండాదా?"

"ఇంకా ఎక్కువే. నేనే తగ్గించినా."

ఆమె నవ్వింది. మైనాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. తర్వాత గోడ మీది కాగితం చూపించింది. "వీళ్ళిద్దరూ ఏమైనారో నీకు చెప్పినానా?"

"లేదు."

"తండ్రి పోయి ఏడాది తిరక్కుండానే పెద్దోడు చిన్నోణ్ణి చంపించినాడు. తల్లి ఒళ్ళోనే. చిన్నోని ముఖం ఉండే నాణేలు కరిగించమన్నాడు. రాగివాటి మీద గీకించినాడు. గీకిన నాణేలు ఇప్పుటికీ మ్యూజియంలలో ఉండాయి."

"తెలిసీ ఇదే బొమ్మ తెచ్చినావా?"

"తెలిసే తెచ్చినా." ఆమె గొంతు తగ్గించింది. "వాళ్ళ నాయన ఇంకా కొంచెం గట్టిగా చెప్పింటే బాగుండు. అబ్బా బతికుండంగానే రెండు ముఖాలూ బంగారం మీద పడల్ల. నలభై ఇండ్లలో ఉండల్ల. జావెద్ ఎన్ని ఇండ్లకు పోయి గీకుతాడు? తొమ్మిదేండ్ల నుంచి ప్రతి కాగితం మీదా 'నిసార్ అహ్మద్ తరఫున' అని రాసి సంతకం పెడతాండా. శుక్రవారం నుంచి ఆ మాట రాయను చాచా."

గంగాధరం గొలుసు పొట్లం విప్పి కొక్కెం చూశాడు. కొక్కెంలో చూడాల్సిందేమీ లేదు.

"అచ్చుకు పదును పట్టినావా?"

"ఇంకా లేదు. రేపు."

"ఆలస్యం చేయొద్దు." ఆమె మైనాన్ని పిడికిట్లో నలిపి ముద్ద చేసి డబ్బాలో వేసింది. ఆ వర్క్‌షాపులో మైనం ఎవరూ పారేయరు. పైన ఎవరో పిలిస్తే "ఆయీ" అని మెట్లెక్కింది.

చెప్పాల్సిన మాట గంగాధరం నోట్లోనే ఉండిపోయింది. ఆమె ఉన్నది పది నిమిషాలు. పది నిమిషాల్లో ఎప్పుడైనా చెప్పొచ్చు. సేఠు చెప్పుకోవాలి, నేనెందుకు చెప్పాలి అనుకున్నాడు. కూతురి ఎదుట నిలబడి చెప్పలేనివాడు, జీతగాడి చేత ఉలితో చెప్పిస్తున్నాడు. ఆ కోపంతోనే ఉలి తీశాడు.

అచ్చులో జువేరియా తలకు చుట్టిన స్కార్ఫ్ అంచు దగ్గర మొదలుపెట్టాడు. కూజా పిడి అక్కడ వస్తుంది. ఉక్కు సన్నటి మెలికలుగా లేచింది, ఊదాడు. మధ్యాహ్నానికి కూజా పొట్ట చెంపను తినేసింది. మూడు రోజులు చెక్కిన చెంప. కూజా ముక్కు నుదుటి మీదుగా పోయింది. ముఖంలో ఏ గీతా మిగలకుండా ఉండాలంటే కూజా ప్రతిచోటా ఆ గీతకన్నా లోతుగా పోవాలి. కంటి దగ్గర ఎక్కువ లోతు పోవాల్సి వచ్చింది. అక్కడ రెండు ఉలుల మొనలు విరిగాయి. పని పాడుచేద్దామని ఒక దశలో అనిపించింది. ఒక్క గీత పక్కకు పోతే చాలు. చెయ్యి పోనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళుగా నేర్చిన చెయ్యి. సాయంత్రం నాలుగున్నరకు మైనం ఒత్తి చూస్తే కూజా మీద పూలచెక్కుడుతో సహా దిగింది. మైనాన్ని నేలకేసి కొట్టాడు. జిలాని వంగి తీసి, దుమ్ము గిల్లి డబ్బాలో వేశాడు.

మంగళవారం ఆ అచ్చునూ, ముందే చెక్కి ఉంచిన నిసార్ ముఖం అచ్చునూ గట్టిపడేందుకు కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు.

బుధవారం పదకొండు గంటలకు జిలాని వాటిని ప్రెస్‌లో బిగించాడు. కింద నిసార్ ముఖం. పైన జావెద్, దల్లా. బంగారం పెట్టే ముందు రాగి బిళ్ళలతో కొట్టి చూస్తారు. తండ్రీ కొడుకులిద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. జిలాని ప్రెస్ చక్రం తిప్పాడు. నేల అదిరింది. బిళ్ళ తీసి గుడ్డతో తుడిచి ట్రేలో పెట్టాడు.

దల్లా పొంగి వచ్చింది. దాని ముందు జావెద్ తల చిన్నదిగా, అడుక్కునేవాడు కాఫీ కోసం ముఖం చాపినట్టుగా ఉంది. జావెద్ బిళ్ళను కొంచెం దూరం పట్టుకుని చూశాడు. "బానే ఉంది" అన్నాడు.

నిసార్ బిళ్ళ తిప్పాడు. చుట్టూ పేరు వచ్చింది. టోపీ అంచు వచ్చింది, చెవి వచ్చింది. నుదుటి నుంచి గడ్డం దాకా ఏమీ రాలేదు. నున్నగా ఉంది.

"ఇది నేనా?"

బిళ్ళను జిలాని వైపు తోశాడు.

"ఇంకోటి కొట్టు. జోర్ సే."

జిలాని రెండోది కొట్టాడు. చక్రానికి ఒంటి బరువంతా వేసి మూడోది కొట్టాడు. మూడింటి మీదా ముఖం లేదు.

"లోహం ఎంతుంటే అంతే సేఠూ" అన్నాడు గంగాధరం. "దెబ్బ పడినప్పుడు అది గుంత యాడుంటే ఆడికి పోతాది. మొదట చెక్కిన రెండు ముఖాలకూ, అవతల మీ ముఖానికీ సరిపోయేటట్టు లెక్కగట్టి చెక్కినా. ఇప్పుడు బీబీ ఉండేచోట ఆ గుంత లోతయింది. మీ ముఖానికి రావాల్సిందంతా దాంట్లోకి పోయింది."

"ముందు చెప్పొద్దా?"

"సగం చెప్పినా. మిగిలిన సగం జావెద్ భాయ్ చెప్పనీలేదు. నేనూ చెప్పలేదు."

జువేరియా అప్పటికే మెట్ల మీద ఉంది. ఒక చేతిలో బంగారు బిళ్ళల ట్రే, చంకలో ఫైలు. దిగి వచ్చి ట్రే బల్ల మీద పెట్టింది. రాగి బిళ్ళ ఒకటి తీసుకుంది. జావెద్‌ను చూసింది. దల్లా మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచింది. తిప్పి, తండ్రి ముఖం ఉండాల్సిన చోటును చూసింది. మళ్ళీ తిప్పింది.

"పది దినాలియ్యండి సేఠూ" అన్నాడు గంగాధరం. ఈసారి నిలబడి చెప్పాడు. "మొత్తం అరగదీసి, ముందు మాదిరే ఇద్దర్నీ చెక్కి ఇస్తా. మీ ముఖం నిండుగా వస్తాది. ఫంక్షన్ రేపు జరుపుకోండి, నాణేలు వెనక పంపొచ్చు."

గదిలో ఐదుగురున్నారు. నిసార్ ఎవరివైపూ చూడలేదు. రాగి బిళ్ళను మోకాలి మీద పెట్టుకుని, చూపుడువేలితో తన ముఖం లేని చోట రుద్దాడు.

"నాది తీసెయ్" అన్నాడు.

"ఏంది సేఠూ?"

"నా పక్క మొత్తం అరగదియ్. పేరు ఒక్కటి రాయి. రేపటికి అయితది కదా?"

"అబ్బా!" అన్నాడు జావెద్.

"అయితాది. కానీ తీయను" అన్నాడు గంగాధరం. "పందొమ్మిదేండ్లు మీ దగ్గర అన్నం తిన్యా. మీ ముఖం నా చేత్తో తీయను."

నిసార్ తల ఎత్తి అతన్ని చూశాడు. కొంచెం నవ్వాడు కూడా. "నా బిడ్డది తీసేటప్పుడు ఒక్క మాట అనకపోతివి. సరే సేఠూ అన్నవు. నాదానికి చెయ్యి రాదా?"

జిలాని ప్రెస్ చక్రం వైపు తిరిగి, తుడవక్కర్లేని చోట తుడవసాగాడు. గంగాధరం నాలుగు రోజులుగా కోపంతోనే తిన్నాడు, కోపంతోనే పడుకున్నాడు. అది ఎవరి మీదో తనకు తెలుసనుకున్నాడు.

"నువ్వేనా చాచా చెక్కింది?" అంది జువేరియా.

"నేనే."

"సోమవారమా? నేను వచ్చిపోయినాక?"

"అప్పుడే."

ఆమె బిళ్ళను ట్రేలో పెట్టింది. "బాగా వచ్చింది." కొక్కెం అతికించి ఇచ్చిన ప్రతిసారీ ఏ గొంతుతో అంటుందో అదే గొంతుతో అంది. ఆమె కొట్టి ఉంటే గంగాధరం తట్టుకునేవాడు.

తర్వాత ఫైలు విప్పి ఒక కాగితం తీసి జావెద్ ముందు పెట్టింది. పెన్ను మూత తీసి దాని మీద పెట్టింది.

"ఇది నువ్వు నింపు."

"ఏంటిది?"

"హాల్‌మార్క్ ముద్ర కాగితం. రేపు పొద్దున ఎనిమిదికి అల్ ఖువైర్ ఆఫీసులో ఇయ్యల్ల. ముద్ర పడకుండా బంగారం షాపు దాటకూడదు. ఇక్కడ ఎన్ని క్యారెట్లో రాసి, కింద సంతకం చెయ్యి."

"అది నువ్వే చేస్తవు కదా ఆపా ఎప్పుడూ."

"నాణెం మీద ఉండేటోడు చేయల్ల. బిళ్ళలు నువ్వు దుబాయ్ నుంచి తెప్పించినవి. తూకం వేసినా, సరిగ్గా ఉంది. లోపల ఏముండాదో నేను చూళ్ళేదు."

ఆమె ఫైలు మూసి, బ్యాగు భుజానికి తగిలించుకుంది. రెండో మెట్టు మీద ఉండగా నిసార్ పిలిచాడు.

"జువేరియా."

"జీ అబ్బా."

ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. ఆయన ఏం చెబుతాడా అని చూసింది. నిసార్ చూపు మళ్ళీ బిళ్ళ మీదికి దించాడు. ఆమె ఇంకొంచెంసేపు చూసి మెట్లెక్కి వెళ్ళింది. పైన షాపు గాజు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు కిందికి వినిపించింది.

జావెద్ కాగితం చదివాడు. మొదటి వరుస నుంచి మళ్ళీ చదివాడు. "ఇరవై రెండే కదా. అమ్మినోడు బిల్లు ఇచ్చిండు."

సంతకం పెట్టాల్సిన చోట జావెద్ వేలు పెట్టాడు.

"తక్కువుంటే ఎవరి మీదికొస్తది?"

"సంతకం చేసినోని మీదికి" అన్నాడు జిలాని, చక్రం తుడుస్తూనే.

జావెద్ తండ్రి వైపు చూశాడు. నిసార్ రాగి బిళ్ళను ఇటు తిప్పి దల్లాను చూస్తున్నాడు, అటు తిప్పి నున్నటి చోటును చూస్తున్నాడు.

"చాచా, మీరు చూసి చెప్పండి. మీకు చూస్తే తెలుస్తది."

గంగాధరం సొరుగు లాగాడు. గీటురాయి, యాసిడ్ సీసా తీసి కాగితం పక్కన పెట్టాడు.

"ముఖం చూసి చెప్పేది కాదు జావెద్ భాయ్. గీసి చూడల్ల."

ట్రేలో నలభై బిళ్ళలున్నాయి. వాటి మీద ఇంకా ఏ ముఖమూ లేదు. జావెద్ ఒకటి తీసుకుని రాయి మీద పెట్టాడు. ఏ అంచుతో గీయాలో, ఎంత నొక్కాలో తెలియక చెయ్యి అక్కడే ఆగింది. గంగాధరం ఏప్రన్ విప్పి మడత పెట్టి బల్ల మీద ఉంచాడు. మెట్లెక్కాడు.